బట్వాడా కాని జాజ్ రికార్డులు

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని కార్యదర్శిగారు రెండు కార్డులు వ్రాసి, మూడుసార్లు ఫోను చేశారు. కమ్యుటేషన్ గురించి, కరువుభత్యం గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ఆర్.ఎం.ఎస్.లో నలభై సంవత్సరాలు సార్టింగ్ చేసి 2004లో రిటైరైన నాకు, ఆ ఉద్యోగం కాక కాస్త తెలిసిన విషయం మరొక్కటే. అది పాత జాజ్ రికార్డుల సంగతి. "త్యాగరాజస్వామి ఉండగా ఆ అమెరికా బూరల గోల నీకెందుకోయ్" అని నన్ను మందలించిన మిత్రులు కొందరు ఈ సంచిక చదువుతారని తెలిసే వ్రాస్తున్నాను.

ఇది 1972లో మొదలైంది. అప్పుడు సికింద్రాబాదు లాలాగూడలో రైల్వే క్వార్టర్సుకు వెనుక వీధిలో అద్దెకుండేవాణ్ణి. మా ఎదురింట్లో మెయిల్ డ్రైవరుగా చేసి రిటైరైన ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఉండేవారు. పిల్లలు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. ఆయనా ఆంటీగారూ కూడా ప్రయాణమవుతూ ఇంట్లో సామాను అమ్మకానికి పెట్టారు. మంచాలు, అద్దాల బీరువా మొదటిరోజే పోయాయి. గ్రామఫోను, ఒక రేకుపెట్టెలో ముప్పై దాకా రికార్డులు మిగిలిపోయాయి. "తీసుకో మ్యాన్, ముప్ఫై అయిదు ఇవ్వు చాలు" అన్నారాయన. నా జీతంలో పదోవంతు. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ పెట్టెలో కొలంబియా వారి రికార్డు ఒకటి ఉంది. లేబిలు మీద టెడ్డీ వెదర్‌ఫర్డ్ బృందం అని ఉంది. పియానో ఆయనది. వినగానే ఏదో జలపాతం పడ్డట్టనిపించింది. ఎవరీయన? అడుగుదామంటే పెద్దాయన ఓడ ఎక్కేశారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెదుకుతూ వెళ్ళిన దారిలోనే మిగతా చరిత్ర అంతా నాకు తగిలింది. వెదర్‌ఫర్డ్ గారి సంగతి చివర చెబుతాను.

జాజ్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక్క మాట. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాన న్యూ ఆర్లియన్స్ రేవుపట్టణంలో నల్లజాతివారి మధ్య పుట్టిన సంగీతం అది. మన కచేరీలో కల్పనస్వరం, రాగాలాపన ఎలాగో వారికి సోలో అలాగ. మెట్టు అందరికీ తెలిసినదే, దానిమీద వాయించేవాడి మనోధర్మం మాత్రం ఆ క్షణానిది. త్యాగరాజ కృతిని ఒకరు మరిచిపోయినా ఇంకొకరి శిష్యపరంపరలో అది బ్రతికే ఉంటుంది. జాజ్‌లో ఆ పూట వాయించినది కాగితం మీద ఉండదు. రికార్డులో ఉంటే ఉన్నట్టు, లేకపోతే పోయినట్టే. బడ్డీ బోల్డెన్ అని న్యూ ఆర్లియన్స్‌లో కార్నెట్ వాయించిన మహానుభావుడొకడు ఉండేవాడు. జాజ్‌కి ఆద్యుడని చెప్పుకుంటారు. 1907లో మతి చలించి ఆస్పత్రిలో చేర్చారు, 1931లో అక్కడే పోయాడు. ఆయన మైనపు సిలిండరు ఒకటి ఇచ్చాడని ఒక కథ ఉంది. ఆ సిలిండరు ఎవరికీ దొరకలేదు. ఇవాళ బోల్డెన్ పేరు మిగిలింది కాని నాదం మిగలలేదు.

తొలి జాజ్ రికార్డు 1917లో విక్టర్ కంపెనీ విడుదల చేసింది. వాయించినది తెల్లవారి బృందం. నల్లవారి అసలు సిసలు బృందాల్లో మొట్టమొదటి గొప్ప రికార్డులు 1923 ఏప్రిల్‌లో కింగ్ ఆలివర్ బృందం ఇచ్చినవి. అందులో రెండో కార్నెట్ వాయించిన ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆ రికార్డింగు జరిగిన చోటు వింటే మన ఆర్.ఎం.ఎస్. వారికి సరదాగా ఉంటుంది. ఇండియానా రాష్ట్రం రిచ్మండ్‌లో పియానోలు చేసే ఒక కంపెనీ జెనెట్ అనే పేరుతో రికార్డులు కూడా వేసేది. వారి స్టూడియో పక్కనే రైలుపట్టాలు! బండి వస్తే వాయిద్యం ఆపి, బండి వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టవలసిందే. ఆ బృందం ఆ ఏడు జెనెట్‌కి ఇచ్చిన ఒక రికార్డుకి ప్రపంచం మొత్తం మీద తెలిసిన ప్రతి ఒక్కటే. ఆ ఒక్క ప్రతి ఎవరి చేతిలోనైనా జారిపడి ఉంటే ఆ రెండు పాటలు కూడా బోల్డెన్ సిలిండరు పక్కన చేరేవి.

పుస్తకానికి పునర్ముద్రణ ఎలాగో రికార్డుకి రీ-ఇష్యూ అలాగ. దానికి ముందు అచ్చు కావాలి. ఆ రోజుల్లో మైనపు పళ్ళెం మీద గీసిన గీతలకు లోహపు పూత పెట్టి అచ్చు తీసేవారు. దానినే మాస్టర్ అంటారు. కంపెనీ మూతపడితే ఆ లోహం ఎవరికి కావాలి? పారమౌంట్ అని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక కంపెనీ ఉండేది. నిజానికి అది కుర్చీలు చేసే కంపెనీకి పిల్ల. గ్రామఫోను పెట్టెలు చేస్తూ, పెట్టెలు కొనేవారికి రికార్డులు కూడా ఉండాలి గదా అని ఆ వ్యాపారంలోకి దిగారు. జాజ్‌కి, బ్లూస్‌కి అమూల్యమైన రికార్డులెన్నో అలా పుట్టాయి. 1932లో రికార్డింగు ఆపేశారు. మాస్టర్లు తుక్కుకింద పోయాయి. ఇప్పుడు మనం వినే పారమౌంట్ పాటలు దాదాపు అన్నీ ఎవరింట్లోనో అరిగి అరిగి మిగిలిన ప్రతులనుంచి తీసినవే. గరగర వెనుకనుంచి మనిషి గొంతు వినిపిస్తుంది.

ఇక లక్క సంగతి. మనం ఇన్సూర్డు కవర్లకు సీలు వేసిన లక్కే సుమా! 78 వేగం రికార్డులు చేసింది ఆ లక్కతోనే. అందులో ఎక్కువ భాగం మన దేశపు అడవుల్లో చెట్లకొమ్మల మీద పురుగు పెట్టిన లక్క. రెండవ ప్రపంచయుద్ధంలో ఆ సరఫరాకు ఇబ్బంది వచ్చింది. 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డుల కంపెనీలు వాడే లక్కను 70 శాతం కోత కోసింది. కొత్త రికార్డు కావాలంటే పాతది తెచ్చి ఇమ్మన్నారు. జనం అటకలమీద పడున్నవి మోసుకొచ్చి ఇచ్చారు. వాటిని పిండి చేసి కొత్తవి పోశారు. అలా పిండిలో కలిసినవి ఎన్నో. దానికి తోడు అదే ఏడు ఆగస్టు 1 నుంచి సంగీతకారుల యూనియన్ రాయల్టీల కోసం రికార్డింగు సమ్మె చేసింది. కొన్ని కంపెనీలు 1943లో రాజీపడ్డా, పెద్దవి రెండు 1944 నవంబరు దాకా లొంగలేదు. సరిగ్గా ఆ రెండేళ్ళలోనే న్యూయార్క్ క్లబ్బుల్లో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ వంటి యువకులు జాజ్ నడకనే మార్చేశారు. ఆ మార్పు జరుగుతున్నప్పటి రికార్డులు లేనంత తక్కువ. యూనియన్ మనిషిగా సమ్మెను తప్పుపట్టలేను. రికార్డుల మనిషిగా మాత్రం బాధగా ఉంటుంది.

పోగుచేసేవారు అప్పటికే బయలుదేరారు. 1930లలో కొందరు అమెరికా కుర్రాళ్ళు నల్లవారి పేటల్లో ఇల్లిల్లూ తలుపు తట్టి, పాత రికార్డులున్నాయా అని అడిగి కొనుక్కునేవారు. న్యూయార్క్‌లో మిల్ట్ గాబ్లర్ అనే రికార్డుల షాపు యజమాని ఇంకొక అడుగు వేశాడు. పెద్ద కంపెనీలు వదిలేసిన మాస్టర్లను అద్దెకు తీసుకుని మళ్ళీ ప్రతులు తీయించాడు. లేబిలు మీద నాయకుడి పేరే కాక, వాయించిన ప్రతివాడి పేరూ వేయించాడు. అంతవరకు డోలు వాయించినవాడెవడో, బాస్ వాయించినవాడెవడో కొన్నవాడికి తెలిసేది కాదు. రీ-ఇష్యూ అనే వ్యవహారం ఈ దేశంలో కాదు, ఆ దేశంలోనూ ప్రభుత్వమో పెద్ద సంస్థో మొదలుపెట్టలేదు. ఒక షాపువాడు మొదలుపెట్టాడు.

యుద్ధం తరువాత టేపు వచ్చింది, ఎల్.పి. వచ్చింది. మాస్టర్లు పోయే బెడద తీరిందనుకున్నారు. ఇక్కడ నా మనసుకు బాగా దగ్గరైన మనిషి ఒకాయన గురించి చెప్పాలి. పేరు టీనా బ్రూక్స్. ఆడపేరులా ఉన్నా మగవాడే. చిన్నప్పుడు పొట్టిగా ఉన్నాడని 'టీనీ' అంటే అది టీనా అయింది. అసలు పేరు హెరాల్డ్ ఫ్లాయిడ్ బ్రూక్స్. 1932లో నార్త్ కరొలినాలో పుట్టి న్యూయార్క్ చేరాడు. టెనర్ శాక్సఫోన్ వాయించేవాడు. ఆ వాయిద్యాన్ని చాలామంది గర్జించేలా వాయిస్తారు. ఈయనది అలా కాదు. ఎవరికో ఒక్కరికే మెల్లిగా తన గోడు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది.

న్యూయార్క్‌లో బ్లూ నోట్ అనే చిన్న కంపెనీ ఉండేది. 1939లో మొదలైంది. జర్మనీనుంచి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ లయన్, ఆయన బాల్యమిత్రుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ దానిని నడిపారు. సంగీతమంటే ప్రాణం, డబ్బు మాత్రం ఎప్పుడూ కటకటే. 1958, 1961 మధ్య వారు టీనా బ్రూక్స్ నాయకత్వంలో నాలుగు రికార్డులకు సరిపడా సంగీతాన్ని టేపు చేశారు. అతని బ్రతుకులో విడుదలైనది ఒక్కటే, 'ట్రూ బ్లూ'. అది 1960 జూన్ 25న రికార్డయింది. అందులో ట్రంపెట్ వాయించిన ఫ్రెడ్డీ హబ్బర్డ్ అప్పటికి ఆరు రోజుల ముందే తన తొలి రికార్డు అదే కంపెనీకి ఇచ్చాడు. ఆ తొలి రికార్డుకి పేరు తెచ్చిన పాట కట్టినదీ, పక్కన నిలబడి వాయించినదీ బ్రూక్సే. హబ్బర్డ్ తరువాత జగత్ప్రసిద్ధుడయ్యాడు. బ్రూక్స్ మరో రికార్డుకి 4052 అని నంబరు కేటాయించారు, అట్ట కూడా తయారైంది. రికార్డు రాలేదు. ఆర్డరు వచ్చి, పోస్టింగు రాని ప్రమోషన్ల వంటిదన్నమాట. చిన్న కంపెనీ గనుక తాను విడుదల చేయగలిగినదానికంటె ఎక్కువ రికార్డు చేసేది. గిరాకీ ఉన్నవాడి టేపు ముందు వెళ్ళేది, మిగతావి అలమరలో ఉండిపోయేవి. 1961 తరువాత బ్రూక్స్ మరి స్టూడియోలో అడుగుపెట్టలేదు. మత్తుమందు అలవాటు, అనారోగ్యం. 1974 ఆగస్టులో నలభై రెండేళ్ళకే పోయాడు.

ఈలోగా కంపెనీ చేతులు మారింది. 1965లో లిబర్టీ వారు కొన్నారు. లిబర్టీ వెళ్ళి యునైటెడ్ ఆర్టిస్ట్స్‌లో కలిసింది. దానిని 1979లో ఇ.ఎం.ఐ. తీసుకుంది. 2012లో ఇ.ఎం.ఐ. రికార్డుల వ్యాపారం యూనివర్సల్‌కి పోయింది. ఒక ఆఫీసు మూడు డివిజన్లు మారితే ఫైళ్ళ గతి ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. సర్వీసు పుస్తకం దొరకని ఉద్యోగికి పెన్షను ఎలా ఆగిపోతుందో, టేపు పెట్టె మీద సరిగా వివరం లేని సంగీతం అలా ఆగిపోతుంది. పనిచేసినది నిజమే, జీతం ఇచ్చినది నిజమే, కాగితం లేదు!

అప్పుడు వచ్చాడు మైకేల్ కస్కూనా. 1948లో పుట్టిన ఈయన రేడియోలోనూ రికార్డింగు పనిలోనూ ఉండేవాడు. సంగీతకారులతో మాట్లాడినప్పుడల్లా, "మేము బ్లూ నోట్‌కి ఫలానా రోజున ఫలానావాళ్ళతో వాయించాం, అది రాలేదు" అని వారు చెప్పినది ఒక నోటుబుక్కులో వ్రాసుకునేవాడు. ఏళ్ళతరబడి తిరిగితే 1975లో ఆ టేపుల గది తలుపు ఆయనకు తెరుచుకుంది. నోటుబుక్కు చేతిలో పెట్టుకుని పెట్టె తరువాత పెట్టె విప్పి చూసుకున్నాడు. మన రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసులో చిరునామా అంతుపట్టని కవరు విప్పి లోపలి ఉత్తరాన్నిబట్టి పంపినవాడెవడో పట్టుకునే గుమాస్తా పని సరిగ్గా ఇదే. అందుకేనేమో ఆయన గురించి చదివినప్పుడు ఎవరో మన సెక్షన్ మనిషి గురించి చదివినట్టే అనిపించింది.

టీనా బ్రూక్స్ మొదటి టేపు 1980లో జపాన్‌లో విడుదలైంది. జపాన్ ఎందుకంటారా? యుద్ధం తరువాత ఆ దేశంలో జాజ్ వినడానికే ప్రత్యేకం కాఫీ హోటళ్ళు విస్తరించాయి. కప్పు కాఫీ తాగి, మాట్లాడకుండా, యజమాని వేసిన రికార్డు వినడం. అమెరికాలో అమ్ముడుపోని సంగీతానికి అక్కడ భక్తులు దొరికారు. తరువాత కస్కూనా, ఆయన మిత్రుడు చార్లీ లూరీ కలిసి మొజాయిక్ అనే చిన్న సంస్థ పెట్టారు. వారి పద్ధతి చెప్పితీరాలి. పెద్ద కంపెనీనుంచి సంగీతాన్ని కొంతకాలానికి అద్దెకు తీసుకోవడం, పూర్తి వివరాల పుస్తకంతో సహా పెట్టెగా కట్టడం, ఇన్ని ప్రతులే అని ముందే చెప్పడం. అమ్మకం దుకాణాల్లో కాదు, తపాలాలో! పెద్ద కంపెనీకి కొన్ని వేల ప్రతుల అమ్మకం కాగితం ఖర్చుకి చాలదు. ఇద్దరు మనుషులు నడిపే సంస్థకు ఆ కొన్ని వేలే జీవనాధారం. 1985లో టీనా బ్రూక్స్ నాలుగు రికార్డుల సంగీతమూ ఒకే పెట్టెలో వారు విడుదల చేశారు. అప్పటికి మనిషి పోయి పదకొండేళ్ళు. మన భాషలో, 'పంపినవారు మరణించినారు'. ఉత్తరం మాత్రం చేరింది. ఇవాళ 'ట్రూ బ్లూ' ఆనాటి ప్రతి శుభ్రంగా ఉన్నది వేలంలో వేల డాలర్లు పలుకుతుంది. కస్కూనా 2024 ఏప్రిల్‌లో కాలం చేశారు.

ఈ కథ విన్నవారు, "టేపు భద్రంగా ఉంటే చాలు, ఎప్పటికైనా వస్తుందన్నమాట" అంటారు. టేపు భద్రంగా ఉండాలి కదా! జాన్ కోల్ట్రేన్ పేరు విన్నవారుంటారు. మన రాగాలమీద ఎంతో ఆసక్తి చూపి, తన కొడుకొకడికి రవి అని పేరు పెట్టుకున్న మహావిద్వాంసుడు. 1963 మార్చి 6న తన బృందంతో న్యూజెర్సీలో వాన్ గెల్డర్ స్టూడియోకి వెళ్ళి రోజంతా వాయించాడు. ఆ సంగీతం విడుదల కాలేదు. 1967లో ఆయన పోయాడు. తరువాత కొన్నేళ్ళకు ఆ కంపెనీవారు గిడ్డంగి ఖర్చులు తగ్గించుకునే పనిలో పాత టేపులు చాలా పారవేశారు. ఆ మాస్టరూ అలాగే పోయింది. అయితే ఇంటికి వెళ్ళి విని చూసుకోవడానికని ఆయనకు ఆనాడు ఒక నకలు టేపు ఇచ్చారు. ఆయన దానిని తన మొదటి భార్య నైమా దగ్గర ఉంచాడు. ఆమె పోయాక కూడా ఆమె కుటుంబంవారి దగ్గర అది అలాగే ఉంది. 2018 జూన్‌లో, వాయించిన యాభై అయిదేళ్ళకు, ఆ నకలు నుంచే రికార్డు విడుదలైంది. కంపెనీ గిడ్డంగిలో పోయినది ఇంటి అలమరలో దొరికింది.

గిడ్డంగి మాట వచ్చింది గనుక ఇదీ చెప్పాలి. 2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియో ఆవరణలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. సినిమా సెట్లు కాలిపోయాయని అప్పట్లో పత్రికలు వ్రాశాయి. అక్కడే ఒక గిడ్డంగిలో దశాబ్దాల సంగీతపు మాస్టర్ టేపులు ఉన్నాయన్న విషయం 2019లో న్యూయార్క్ టైమ్స్ విపులంగా వ్రాసేదాకా జనానికి తెలియదు. ఎన్ని పోయాయన్నదాని మీద కంపెనీకి, పత్రికకు వాదం నడిచింది. జాజ్ టేపులూ అందులో ఉన్నాయి.

అన్నిటికంటె చిక్కైనది హక్కుల వ్యవహారం. సంగీతం ఉంటుంది, వినాలనేవారు ఉంటారు, వేయడానికి ఒకడు ముందుకు వస్తాడు, కాని ఎవరి సంతకం కావాలో తెలియదు. వాయించినవారు పోయారు, వారసులు ఎక్కడున్నారో! కుటుంబ పెన్షనుకి వారసత్వ సర్టిఫికెట్ కోసం తిరిగినవారికి ఇది ఇంకా విడమరచి చెప్పనక్కరలేదు. బిల్ శావొరీ అనే సౌండు ఇంజనీరు 1930ల చివర్లో రేడియోలో వచ్చే జాజ్ కచేరీలను సొంతంగా డిస్కుల మీదకి ఎక్కించి పెట్టుకున్నాడు. ఎవరికీ వినిపించేవాడు కాదు. 2004లో ఆయన పోయాక కొడుకు ద్వారా ఆ డిస్కులు, దాదాపు వెయ్యి, 2010లో హార్లెమ్‌లోని జాజ్ మ్యూజియంకి చేరాయి. అప్పటికే కొన్ని బీటలు వారి ఉన్నాయి. పత్రికలు గొప్పగా వ్రాశాయి. ఐతే, రేడియోలో ఒకసారి వాయించిన కచేరీని అమ్మడానికి ఎవరెవరి అనుమతి కావాలి? అది తేల్చుకుని మొదటి భాగం బయటకు రావడానికి 2016 అయింది.

అమెరికాలో 1972కి ముందు సౌండు రికార్డింగులకు దేశమంతటికీ వర్తించే కాపీరైటు చట్టం లేదు. ఏ రాష్ట్రపు పద్ధతి దానిదే. దానితో ఎంత పాతదైనా ఎవరో ఒకరి సొత్తుగానే ఉండిపోయింది. 2005లో వారి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున టిమ్ బ్రూక్స్ అనే పరిశోధకుడు ఒక లెక్క తీశాడు. (మన టీనా బ్రూక్స్‌కి చుట్టం కాడు, ఇంటిపేరు కలిసిందంతే.) 1890 నుంచి 1964 దాకా వచ్చిన రికార్డుల్లో హక్కుదారులు మళ్ళీ అందుబాటులో ఉంచినవి సగటున 14 శాతం. హక్కులేనివారు, అంటే విదేశాల చిన్న కంపెనీలవారు, సేకర్తలు విడుదల చేసినవి 22 శాతం. అధికారం ఉన్నవాడికంటె ఆసక్తి ఉన్నవాడే ఎక్కువ పని చేశాడని తేలింది. ఇది చదివి నేను ఆశ్చర్యపోలేదు. ఏ ఆఫీసులోనైనా అంతేగా! 2018లో అక్కడ కొత్త చట్టం వచ్చి, 1923కి ముందువి 2022 జనవరి 1న అందరి సొత్తయ్యాయి. ఆ తరువాతవి ఏటేటా కొన్ని విడుదలవుతున్నాయి. కింగ్ ఆలివర్ 1923 రికార్డులకు 2024లో విముక్తి వచ్చింది. మన దేశంలో గడువు అరవై ఏళ్ళే.

ఇప్పుడు వెదర్‌ఫర్డ్ గారి దగ్గరకు వస్తాను. 1903లో వర్జీనియాలో పుట్టాడు. షికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పాటు ఒకే బృందంలో వాయించాడు. 1926లో ఆసియాకు వచ్చేసి షాంఘైలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1930లలో బొంబాయి తాజ్ హోటల్లో వాయించాడు. యుద్ధకాలంలో కలకత్తా గ్రాండ్ హోటల్లో బృందం నడిపి, అక్కడ కొలంబియాకి రికార్డులు ఇచ్చాడు. 1945 ఏప్రిల్‌లో కలకత్తాలోనే కలరా సోకి నలభై రెండేళ్ళైనా నిండకుండా పోయాడు. ఇదంతా నాకు ముక్కలు ముక్కలుగా, ముప్పై నలభై ఏళ్ళలో తెలిసింది. 2012లో నరేశ్ ఫెర్నాండెజ్ గారు 'తాజ్ మహల్ ఫాక్స్‌ట్రాట్' అని బొంబాయి జాజ్ చరిత్ర వ్రాసి, పుస్తకంతో ఆనాటి రికార్డుల సి.డి. కూడా జతచేశారు. అది చదివాకనే కథ మొత్తం అతుక్కుంది.

ఆయన కలకత్తా రికార్డులు గ్రామఫోను కంపెనీవారు మనదేశంలోనే పోసినవి. హక్కు గడువు ఎప్పుడో తీరింది. ఎవరి సంతకం అక్కరలేదు. అయినా టీనా బ్రూక్స్‌కి జరిగినట్టు పెట్టె కట్టి సమగ్రంగా తెచ్చే పని జరగకపోవడానికి నాకు తోచిన కారణం వేరు. అమెరికావారికి అవి ఇండియా రికార్డులు. మనకు అవి ఇంగ్లీషు డాన్సు రికార్డులు. ఉత్తరం మీద 'మిస్‌సెంట్' ముద్ర పడి రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూ ఉంటుందే, అలాగ. ప్రతులా, ఆంగ్లో ఇండియన్ ఇళ్ళల్లో, క్లబ్బుల్లో, రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో ఉండేవి. ఆ కుటుంబాలు విదేశాలకు తరలిపోయినప్పుడు ముప్ఫై అయిదు రూపాయలకో, తూకానికో వెళ్ళిపోయాయి.

నా ప్రతి ఇంకా ఉంది. అంచున గోరంత పెచ్చు ఊడింది. అది మా అమ్మాయి మూడేళ్ళప్పుడు చేసిన ఘనకార్యం. పోయిన వేసవి సెలవుల్లో మనవడు వచ్చి రెండు వైపులా కంప్యూటరులోకి ఎక్కించాడు. గరగర తీసేస్తానన్నాడు. తీసేస్తే పియానో గలగల కూడా కొంత పోతోంది, వద్దన్నాను.

మిత్రులకు నాదొక మనవి. లాలాగూడ, విజయవాడ, విశాఖపట్నం, ఖాజీపేట వంటి రైల్వే ఊళ్ళలో ఉండి, పాత సామాను కొన్నవారి అటకలమీద ఇలాంటి లక్క రికార్డులు ఉండే వీలుంది. ఇంగ్లీషువని పారవేయకండి. నిలువుగా నిలబెట్టండి, ఒకదానిమీద ఒకటి పేర్చకండి. దుమ్ముంటే పొడిగుడ్డతో తుడవండి. శుభ్రమవుతుందని స్పిరిటు మాత్రం రాయకండి, లక్క కరిగిపోతుంది. లేబిలు మీద ఉన్నది ఉన్నట్టు ఒక కార్డు మీద వ్రాసి సంఘం చిరునామాకి పంపితే కార్యదర్శిగారు నాకు అందజేస్తారు. వెదర్‌ఫర్డ్ పేరు ఉంటే కార్డు వద్దు, ఫోనే చేయండి.